పదానికి 40 పైసలకి రాయనా అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది రాయగడ. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి ఒక పేపర్ మిల్లు క్యూసీ (నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లో 5 ఏళ్లు చేశా, పాప పుట్టాక మానేశా. అక్కడ ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చెయ్యాలో వరసగా చెప్పే కాగితాలు) రాసే పని ఎప్పుడూ నా మీదే పడేది, ఆడిట్‌కి వచ్చినవాళ్లు కూడా బాగున్నాయనేవారు. ఇప్పుడు ఇంటి నుంచి ఫ్రీలాన్స్‌గా టెక్నికల్ రైటింగ్ చేద్దామని ఉంది. ఒక ఏజెన్సీ పదానికి 40 పైసలు ఇస్తానంటోంది. ఇంకోచోట ఆన్‌లైన్ కోర్సుకి 45 వేలు అడుగుతున్నారు, ఆ సర్టిఫికెట్ ఉంటేనే పని దొరుకుతుందంట. మా ఆయనేమో ఏఐ వచ్చాక ఇవన్నీ ఎవరికి కావాలి అంటున్నారు. నేను చదివింది ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు, ఇంగ్లీష్ రాయగలను గానీ గొప్పగా కాదు. ఇందులో నిజంగా మంచి డబ్బులున్నాయా?

జవాబు: చెల్లీ, 40 పైసల పనీ వద్దు, 45 వేల కోర్సూ వద్దు. డబ్బులు మాత్రం ఉన్నాయి, కానీ నువ్వు వెతుకుతున్న చోట లేవు.

ముందు ఆ 40 పైసల లెక్క చూడు. వెయ్యి పదాలకి 400 రూపాయలు. ఒక టెస్ట్‌కి ఎస్‌ఓపీ సరిగ్గా రాయాలంటే ల్యాబ్ వాళ్లతో మాట్లాడాలి, ఒకసారి చేసి చూడాలి, రాయాలి, వాళ్లు చెప్పిన మార్పులు చెయ్యాలి, రెండు మూడు రోజులు పడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. మన పనిలో బాగా రాయడమంటే తగ్గించడం కదా, వెయ్యి పదాలది ఆరొందలకి తెస్తే చదివేవాడికి మేలు, కానీ పదాల లెక్కన డబ్బులిచ్చేచోట నీకు 160 రూపాయలు పోయినట్టు. నేను బరంపురంలో ఉండి మొదటి ఏడాది ఇలాగే చేశా, ఒక పంపు మాన్యువల్లో ఒకే హెచ్చరిక పదకొండు చోట్ల ఉంటే అవసరమైన మూడు చోట్లే ఉంచి మిగతావి తీసేశా, బిల్లు తగ్గింది, పైగా పదాలు తగ్గాయేంటని అడిగారు. ఆ రోజుతో పదాల లెక్క మానేశా, నువ్వు అసలు మొదలే పెట్టకు.

నీ దగ్గరున్న సరుకు ఇంగ్లీష్ కాదు చెల్లీ, ఆ ల్యాబ్‌లో గడిపిన 5 ఏళ్లు. ఒక్క ఉదాహరణ చెప్తా, నీకు బాగా తెలిసిందే. పల్ప్‌లో, అంటే కాగితం గుజ్జులో, లిగ్నిన్ (చెక్క నారల్ని అతికించి ఉంచే పదార్థం) ఎంత మిగిలిందో చూడ్డానికి కప్పా నంబర్ టెస్ట్ చేస్తాం. పర్మాంగనేట్ కలిపాక సరిగ్గా 10 నిమిషాలు, 25 డిగ్రీల దగ్గర, ఆ తర్వాత పొటాషియం అయొడైడ్ పోసి రియాక్షన్ ఆపి థయోసల్ఫేట్‌తో టైట్రేషన్. ల్యాబ్ మొహం చూడని రైటర్ దీన్ని చక్కటి ఇంగ్లీష్‌లో "కాసేపు ఉంచండి" అని రాసేస్తాడు, టైమ్ మారితే నంబర్ మారిపోతుందని వాడికి తెలీదు. నువ్వు రాస్తే ఆ 10 నిమిషాలు ఎప్పట్నుంచి లెక్కపెట్టాలో, స్టాప్‌వాచ్ ఎప్పుడు నొక్కాలో కూడా రాస్తావు. కంపెనీ డబ్బులిచ్చేది దానికి.

అందుకే ఎవరికి రాయాలన్నది ముందు తేల్చుకో. బ్లాగులు, జనరల్ ఆర్టికల్స్ వైపు అసలు పోవద్దు. ల్యాబ్ పరికరాలు చేసే చిన్న కంపెనీలు, పేపర్‌కి నీళ్ల ట్రీట్‌మెంట్‌కి కెమికల్స్ అమ్మేవాళ్లు, విశాఖ పరవాడ ఫార్మాసిటీ లాంటి చోట్ల ఉన్న యూనిట్లు, ల్యాబుల ప్రమాణం ఐఎస్ఓ 17025 ప్రకారం ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు కోసం తయారవుతున్న టెస్టింగ్ ల్యాబులు, వీళ్లందరికీ పేపర్ మీద పని ఉంటుంది, అది రాయడానికి ఆఫీసులో మనిషి ఉండడు, ఉన్నవాళ్లకి ఖాళీ ఉండదు. కెమికల్ అమ్మేవాడికి దాని ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే 16 సెక్షన్ల సేఫ్టీ డేటా షీట్ కావాలి, పరికరం అమ్మేవాడికి ఇన్‌స్టాలేషన్, కాలిబ్రేషన్, ట్రబుల్‌షూటింగ్ గైడ్లు కావాలి. డేటా షీట్‌లో మాత్రం ప్రమాదం వర్గీకరణ వాళ్ల సేఫ్టీ నిపుణుడే తేల్చాలి, నువ్వు అమర్చి రాసేదే. ఇంకో సంగతి, హైదరాబాద్‌లో ఉన్న పరికరం కంపెనీ, కాలిబ్రేషన్ అర్థంకాక ఆపరేటర్ ఫోన్ చేస్తే సర్వీస్ ఇంజనీర్‌ని రాయగడ దాకా పంపాలి, రైలు, లాడ్జి, రెండు మూడు రోజుల జీతం. అలాంటి ట్రిప్పులు ఏడాదికి ఎన్ని పడుతున్నాయో మాటల్లో అడిగి తెలుసుకో, ఆ ఖర్చు ముందు నీ ఫీజు వాళ్లకి బరువనిపించదు.

శాంపిల్స్ రెండు మూడు చాలు. పాత మిల్లులో రాసిన ఎస్‌ఓపీలు మాత్రం ఎవరికీ చూపించకు, అవి వాళ్లవి, అవి చూపిస్తే రేపు మా కాగితాలు కూడా ఇలాగే చూపిస్తుందని కొత్త క్లయింట్ అనుకుంటాడు. సొంతంగా రాయి. పీహెచ్ మీటర్ 4, 7, 10 బఫర్లతో కాలిబ్రేట్ చెయ్యడం ఒకటి, ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పొయ్యడం ఇంకోటి. రాశాక ఆ పని తెలియని మనిషి చేతికి కాగితమిచ్చి పక్కన కూర్చో, నోరు విప్పకు, ఎక్కడ ఆగారో పెన్సిల్‌తో గుర్తు పెట్టు. బ్యాటరీ పని అయితే కళ్లద్దాలు గ్లవ్స్ వేయించి, ప్రమాదం కనబడితే వెంటనే ఆపు. పదేళ్ల నుంచి ఈ పనిలో ఉన్నా నేను ఇప్పటికీ ఇది చేస్తా, ప్రతిసారీ ఏదో ఒక స్టెప్ తప్పు దొరుకుతుంది.

ఇంగ్లీష్ గురించి అస్సలు దిగులు పడకు. విమానాల మెయింటెనెన్స్ పుస్తకాల కోసం తయారైన సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్ అని ఒక పద్ధతుంది, దాని పేరు ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100, అడిగితే ఫ్రీగా ఇస్తారు. మన కోరాపుట్ సునాబెడాలో విమానాల ఇంజన్లు చేస్తారు కదా, ఆ రంగం పద్ధతే ఇది. అందులో జనరల్ మాటలు దాదాపు 900, పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు, ఒక వాక్యంలో ఒకే పని. ఒక మాటకి ఒకే అర్థం, "ఫాలో" అంటే వెనకాల రావడమే, రూల్ పాటించడానికి "ఒబే" అనాలి. ఇంగ్లీష్ తమ భాష కాని మెకానిక్‌లు తప్పు అర్థం చేసుకోకూడదని ఇంత కట్టుదిట్టం. ఒడియా మీడియంలో చదివి తెలుగులో ఆలోచించేదానివి, ఎక్కడ అర్థంకాదో నీకు ముందే తెలుస్తుంది. 45 వేలు దాచుకో, గూగుల్ టెక్నికల్ రైటింగ్ కోర్సులు ఫ్రీగా ఉన్నాయి, వాటితో మొదలుపెట్టు.

మీ ఆయన మాట కొట్టిపారెయ్యను. ఎవరైనా రాయగలిగే మామూలు రాత ధర పడిపోయింది, 40 పైసల పనుల ధర ఇంకా పడిపోతుంది. కానీ ఏఐ ప్లాంట్‌లోకి నడిచెళ్లి ఆపరేటర్‌ని "ఈ వాల్వ్ నిజంగా ముందు మూస్తారా" అని అడగదు, పైగా లేని వాల్వ్‌ని ఉన్నట్టు రాసేస్తుంది. డ్రాఫ్ట్‌కి, గ్రామర్‌కి వాడుకో, క్లయింట్ రహస్య కాగితాలు మాత్రం వాళ్ల అనుమతి లేకుండా అందులో పెట్టకు.

ఇక డబ్బు అడగడం. నెలలో 160 గంటలు కూర్చున్నా బిల్లు వెయ్యగలిగేది సగమే, మిగతాది ఫోన్లు, ఈమెయిళ్లు, కొత్త పని వెతుక్కోడం. నెలకి 60 వేలు కావాలంటే 80 గంటలతో భాగించు, గంటకి 750 వచ్చింది, అంతకన్నా తక్కువకి దిగావంటే నీ చేతి డబ్బు పెడుతున్నట్టే. ఈ లెక్క నీకోసం, క్లయింట్‌కి మాత్రం మొత్తం పనికి ఒక ధర చెప్పు. 24 గంటల పనైతే 18 వేలు, దాని మీద అనుకోనివాటికి కొంత. ఈమెయిల్‌లో ముందే రాసుకో: ఏ డాక్యుమెంట్లు, ఎన్ని, వాళ్లవైపు నుంచి చెక్ చేసే మనిషి ఎవరు, మార్పులు రెండు రౌండ్లు, ఆ తర్వాత గంటకి ఇంత, మొదట సగం అడ్వాన్స్. అడ్వాన్స్ విషయం గట్టిగా చెప్తున్నా, ఒక కంపెనీ నా దగ్గర నాలుగు మాన్యువళ్లు పూర్తిగా తీసుకుని ఫోన్ ఎత్తడం మానేసింది, ఆ నెల ఇంటి అద్దె మా అన్నయ్య కట్టాడు.

ట్యాక్స్ సంగతి క్లుప్తంగా. కంపెనీలు టీడీఎస్ (ముందే పట్టుకునే ట్యాక్స్) కోసి ఇస్తే అది పోయినట్టు కాదు, నీ పాన్ మీద జమైందో లేదో చూసుకుని రిటర్న్‌లో లెక్క చూపించు. సర్వీసులకి ఏడాదిలో 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మిగతాది మీ ఊరి ఆడిటర్‌తో ఒకసారి కూర్చుని తేల్చుకో.

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. బీటెక్ సీఎస్ఈ. సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌లో బాగా ఇస్తారంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి? నా ఇంగ్లీష్ చదివి మా ఫ్రెండ్స్ మరీ చిన్నపిల్లల వాక్యాలు అంటారు.

జవాబు: తమ్ముడూ, ఆ చిన్న వాక్యాలు మార్చకు. మీ ఊళ్లో స్కూల్ మాస్టరుగా పనిచేసిన గిడుగు రామ్మూర్తి గారు పుస్తకాల్లో గ్రాంథికం పోయి జనం మాట రావాలని ఎంత పోరాడారో నీకు తెలిసే ఉంటుంది, సవర గిరిజనుల భాష వాళ్ల దగ్గరే నేర్చుకుని 1931లో దానికి మాన్యువల్ కూడా వేశారు. వినేవాడి దగ్గరకెళ్లి నేర్చుకుని రాయడమే మన పని కూడా.

మామూలు టెక్స్ట్‌లోనే హెడింగులు, లిస్టులు పెట్టే మార్క్‌డౌన్ రెండు రోజుల్లో వస్తుంది, ఫైళ్లలో మార్పుల లెక్క ఉంచే గిట్ నేర్చుకో, పోస్ట్‌మన్ అనే టూల్‌తో ఏదైనా పబ్లిక్ ఏపీఐని (ఒక ప్రోగ్రామ్ ఇంకోదానితో మాట్లాడే దారి) కాల్ చేసి చూడు, ఏపీఐ వివరాలు రాసి ఉండే ఓపెన్‌ఏపీఐ ఫైల్ చదవడం అలవాటు చేసుకో. డాక్యుమెంటేషన్‌లో నేర్పే పాఠం, పని చేసే పద్ధతి, రిఫరెన్స్, వివరణ, ఈ నాలుగూ వేరు వేరు రాతలు, ఒకే పేజీలో కలిపితే ఎవరికీ పనికిరాదు. తర్వాత నువ్వు రోజూ వాడే ఓపెన్ సోర్స్ టూల్ ఒకటి తీసుకుని, దాని ఇన్‌స్టాల్ పేజీని కొత్త లాప్‌టాప్ మీద అక్షరం అక్షరం పాటిస్తూ చెయ్యి, ఎక్కడ ఎర్రర్ వచ్చిందో అక్కడ పేజీ సరిచేసి పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు తీసుకోండని అడగడం) పంపు. అలాంటివి ఐదారు మెర్జ్ అయ్యాక, అంటే వాళ్లు తీసుకుని కలుపుకున్నాక, నాకు మళ్లీ రాయి, క్లయింట్లకి ఏం రాయాలో అప్పుడు చెప్తా.