హైదరాబాద్‌లో ఫ్లాటు ఉండగా లిన్‌లిత్‌గోలో ఇల్లు కొనవచ్చా?

ప్రశ్న: నాకు ఎడిన్‌బరోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారానికి మూడు రోజులు ఆఫీసు. నా భార్య గ్లాస్గోలో నర్సు. నాలుగేళ్ల క్రితం హైదరాబాద్ నుంచి వచ్చాం, ఇద్దరం వర్క్ వీసాల మీద ఉన్నాం. మూడేళ్ల పాప ఉంది. రెండు నగరాలకూ రైళ్లున్న లిన్‌లిత్‌గోలో ఒక ఇల్లు చూశాం. అమ్మేవారు ఇచ్చే హోమ్ రిపోర్టులో (ఇంటి పరిస్థితి, విలువ తెలిపే సర్వే నివేదిక) దాని విలువ 2,70,000 పౌండ్లు. మా పొదుపు 45,000 పౌండ్లు. మియాపూర్‌లో నా పేరిట 90 లక్షల ఫ్లాటు ఉంది, వచ్చినప్పటి నుంచి అద్దెకిచ్చాం, నెలకు 26 వేలు వస్తోంది. ఈ ఏడాదే కొనవచ్చా?
– ఒక పాఠకుడు, ఎడిన్‌బరో

జవాబు: ఊరిని చక్కగా ఎంచుకున్నారు. ఇల్లు మాత్రం ఇప్పుడే కొనకండి. మీ లెక్కను తలకిందులు చేస్తున్నది మియాపూర్ ఫ్లాటే.

స్కాట్లాండ్‌లో ఇల్లు కొనేటప్పుడు, ప్రపంచంలో ఎక్కడైనా మీకు 40,000 పౌండ్లు లేదా అంతకు మించిన విలువైన మరో ఇల్లు ఉంటే, మామూలు కొనుగోలు పన్నుకు తోడు ఏడీఎస్ అనే అదనపు పన్ను కట్టాలి. 2024 డిసెంబరు 5 నుంచి అది మొత్తం ధరపై 8 శాతం. భార్య పేరిట కొంటే తప్పుతుందని కొందరు చెబుతారు, నమ్మకండి. కలిసి ఉంటున్న భార్యాభర్తలను ఈ చట్టం ఒక్కరిగానే చూస్తుంది. తర్వాత ఫ్లాటు అమ్మేసి పన్ను వాపసు తీసుకుందామన్నా కుదరదు. కొత్త ఇల్లు కొనడానికి ముందు 36 నెలల్లో ఆ పాత ఇంట్లో మీరు కాపురం ఉండి ఉంటేనే ఆ వెసులుబాటు. మీరు వచ్చి నాలుగేళ్లయింది.

ఇక స్కాట్లాండ్‌లో ఇల్లు అమ్మే పద్ధతి, అది సీల్డ్ టెండరు లాంటిది. కొనాలనుకున్నవారు సొలిసిటర్ (న్యాయవాది) ద్వారా ఎంతకు కొంటారో చెబుతారు. గిరాకీ ఉన్న ఊళ్లలో పాట తరచుగా హోమ్ రిపోర్టు విలువను దాటుతుంది. బ్యాంకు రుణమిచ్చేది ఆ విలువ మీదే, పైమొత్తం చేతి నుంచి పెట్టుకోవాలి. మీరు 2,85,000 పౌండ్లకు పాడారనుకుందాం. విలువలో పది శాతం డిపాజిట్ 27,000, పైమొత్తం 15,000, మామూలు పన్ను 3,850, ఏడీఎస్ 22,800. మొత్తం 68,650 పౌండ్లు. సొలిసిటర్ ఫీజు, సామాను తరలింపు దీనికి అదనం. వీసా మీద ఉన్నవారిని కొన్ని బ్యాంకులు ఇంకా ఎక్కువ డిపాజిట్ అడుగుతాయి కూడా. ఏడీఎస్ తీసేసినా 45,850 అవుతుంది, అంటే మీ పొదుపు అంతా ఊడ్చుకుపోతుంది. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను, అంటే వీసాకు పూచీపడే మరో ఉద్యోగ సంస్థను, వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే గడువిచ్చే వీసాతో, చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఉండడం నాకు భయం కలిగిస్తోంది. ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బును ఏ ఇంటి కోసమూ ముట్టుకోకండి.

ముందు లిన్‌లిత్‌గోలో అద్దెకు దిగండి. అద్దె ఇళ్లు తక్కువే, ఓపికగా వెతకాలి. ఇప్పుడున్న ఇల్లు 2017 డిసెంబరు తర్వాత తీసుకున్నదైతే, 28 రోజుల నోటీసు ఇచ్చి ఖాళీ చేయవచ్చు. రైలులో ఎడిన్‌బరోకు దాదాపు ఇరవై నిమిషాలు, గ్లాస్గో క్వీన్ స్ట్రీట్‌కు అరగంట పైచిలుకు. స్కాట్‌రైల్ 2025 సెప్టెంబరు 1 నుంచి రద్దీ వేళల అదనపు చార్జీని ఎత్తేసింది కాబట్టి ఉదయం ప్రయాణం భారం తగ్గింది. మూడు రోజుల ఆఫీసుకు నెలవారీ సీజన్ టికెట్ కన్నా, పన్నెండు ప్రయాణాలకు పనికొచ్చే ఫ్లెక్సీపాస్ ఎంతకు పడుతుందో చూడండి.

నాకు ఎక్కువ ఆలోచన కలిగించేది మీ భార్య డ్యూటీ. తెల్లవారగానే మొదలయ్యే షిఫ్టుకు ఆ రోజు మొదటి రైలు అందుతుందా? ఆదివారం రైళ్లు ఆలస్యంగా మొదలవుతాయి. ఆసుపత్రి క్వీన్ స్ట్రీట్ స్టేషనుకు దూరమైతే అక్కడి నుంచి మరో బస్సు ఎక్కాలి. ఆ రోజుల కోసం ఒక కారు తప్పదేమో, ఎం9 మోటార్‌వే ఊరి పక్కనే ఉంది. రెండో కారు మాత్రం వద్దు. అందుకే స్టేషనుకు నడిచి వెళ్లగలిగే ఇల్లే చూడండి. హై స్ట్రీట్ తూర్పు కొస వైపు ఇంటికి అద్దె కాస్త ఎక్కువైనా, ఊరి అంచున ఉన్న ఇంటికి రెండో కారు తోడైతే అయ్యే ఖర్చుతో పోల్చి చూడండి.

పాపకు మూడేళ్లు నిండాయి కాబట్టి ఏడాదికి 1,140 గంటల ఉచిత నర్సరీ వర్తిస్తుంది. ఇల్లు మారితే అది వెస్ట్ లోథియన్ కౌన్సిల్ పరిధిలోకి వస్తుంది, దరఖాస్తు మళ్లీ చేయాలి. సాయంత్రం రైలు రద్దయితే పాపను ఎవరు తెస్తారో కూడా ముందే అనుకోండి.

ఇక ఫ్లాటు సంగతి. పౌండుకు 115 రూపాయల చొప్పున 22,800 పౌండ్లంటే 26 లక్షలు దాటుతుంది. అది మీ ఫ్లాటుపై ఎనిమిదేళ్లకు పైగా వచ్చే అద్దె. స్కాట్లాండ్‌లోనే స్థిరపడాలని మీరిద్దరూ నిర్ణయించుకుంటే, కొనడానికి ముందే ఫ్లాటు అమ్మండి. అమ్మేది ప్రవాస భారతీయులైతే కొనేవారు టీడీఎస్ కోత వేస్తారు. ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోత ధ్రువపత్రం ముందుగా తెచ్చుకోకపోతే, డబ్బు రిటర్ను దాఖలు చేసి వాపసు వచ్చేదాకా ఇరుక్కుపోతుంది. బ్రిటన్‌లోనూ లాభంపై పన్ను పడవచ్చు, అక్కడి అకౌంటెంటును అడగండి. ఇదంతా నెలలు పట్టే పని. అద్దె ఇంట్లోకి దిగిన వెంటనే ఈ కాగితాలు మొదలుపెట్టండి.