పిల్లలకే ఆయాసం... గాలిగొట్టం కోసి చూడండి

ప్రశ్న: ఇంటి దగ్గర నాటుకోళ్లు, రెండు సీమకోళ్లు (టర్కీ కోళ్లు) పెంచుతున్నాం. వానలు పట్టినప్పటి నుంచి నెల, నెలన్నర పిల్లలు మెడ చాచి, నోరు తెరిచి గాలి పీలుస్తున్నాయి, తల విదిలిస్తున్నాయి. నాలుగు చనిపోయాయి. పెద్దకోళ్లు బాగానే ఉన్నాయి. యాంటీబయాటిక్ పొడి ఇచ్చాం, పైపరజిన్ తాగించాం. తగ్గలేదు.
– ఒక రైతు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా

జవాబు: పెద్దవి బాగుండి పిల్లలకే ఆయాసం వస్తోందంటే గాలిగొట్టంలో చేరే సింగామస్ పురుగును అనుమానించాలి. ఈసారి పిల్ల చనిపోతే పారేయకండి. గాలిగొట్టాన్ని నిలువునా కోసి చూడండి. లోపలి గోడకు పట్టుకుని సన్నటి ఎర్ర పురుగులు కనిపిస్తే అదే. ఆడ, మగ విడిపోకుండా అతుక్కునే ఉంటాయి కాబట్టి జంట ఇంగ్లిష్ 'వై' అక్షరంలా కనిపిస్తుంది. ఆడది 2 సెం.మీ. దాకా ఉంటుంది, పిల్ల గొంతుకు నాలుగైదున్నా ఊపిరి సలపదు. పురుగు లేకుండా ఆకుపచ్చ విరేచనాలు, మెడ వంకర ఉంటే కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా పశువైద్యశాలకు చెప్పండి.

పురుగుకు యాంటీబయాటిక్ పనిచేయదు. పైపరజిన్ పేగుల్లోని ఏలికపాములకే, గాలిగొట్టం దాకా దాని పని లేదు. ఫెన్‌బెండజోల్ కిలో బరువుకు 20 మి.గ్రా. చొప్పున 3–4 రోజులు ఇవ్వాలి. అంటే 200 గ్రాముల పిల్లకు రోజుకు 4 మి.గ్రా. మందు ఎంత గాఢతదో డాక్టరుకు చూపించి కొలత రాయించుకోండి. ఈక దూర్చి పురుగులు లాగే పాత పద్ధతి మాత్రం వద్దు, చేతిలోనే పిల్ల చచ్చిపోవచ్చు.

మందుతోనే అయిపోదు. పిల్ల దగ్గినప్పుడు గొంతులోకి వచ్చిన పురుగు గుడ్లను మింగుతుంది, అవి రెట్టలో నేల మీద పడతాయి. వాటిని తిన్న వానపాములు, నత్తల్లో పురుగు పిల్లలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. మన వైపు అక్టోబరు నుంచి వానలు, తడిసిన పెంటదిబ్బ నిండా వానపాములు. తల్లికోడి పిల్లల్ని నేరుగా అక్కడికే తీసుకెళుతుంది! రెండు నెలలు నిండేదాకా పిల్లల్ని పొడి నేల మీద, దిబ్బకు దూరంగా దడి కట్టి ఉంచండి.

సీమకోళ్లను వేరే చోటికి మార్చండి. అవి పైకి బాగున్నా పురుగు మోస్తూ ఉండొచ్చు, కాబట్టి వాటికీ మందు పడాలి. మందు తాగిన పెద్దకోళ్ల గుడ్లు, మాంసం ఎన్నాళ్లు వాడకూడదో కూడా డాక్టరునే అడగండి.