పెళ్లి డబ్బు 7 లక్షలు: ట్రెజరీ బిల్లా, బాండ్ ఫండా, డిపాజిట్టా?

ప్రశ్న: కడప మార్కెట్ యార్డులో నాన్న పసుపు అమ్మితే 7 లక్షలు వచ్చాయి. ఏడాది దాటాక చెల్లి పెళ్లి. అంతవరకు ఎక్కడ పెట్టాలి?

జవాబు: ముహూర్తం నాటికి అసలు చేతిలో ఉండాలి, వడ్డీ సంగతి తర్వాత. అందుకే బాండ్ ఫండ్ (మన డబ్బుతో బాండ్లు, అంటే అప్పు పత్రాలు, కొనే మ్యూచువల్ ఫండ్) వద్దంటాను. అందులో ఉన్నవి ప్రభుత్వ బాండ్లే అయినా, మార్కెట్లో వడ్డీ రేట్లు పెరిగితే పాత బాండ్ల ధర పడిపోతుంది. బాండ్ గడువు ఎంత ఎక్కువుంటే దెబ్బ అంత ఎక్కువ. బంగారం కొనాల్సిన వారంలోనే విలువ తగ్గితే, మళ్లీ పెరిగేదాకా ఆగే టైం మీకుండదు.

ట్రెజరీ బిల్లు అలా కాదు. కేంద్ర ప్రభుత్వం 91, 182, 364 రోజులకు తీసుకునే అప్పు అది. వడ్డీ విడిగా ఇవ్వరు. ఉదాహరణకు 94 రూపాయలకు కొంటే 364 రోజులకు 100 వస్తుంది. అంటే ఏడాదికి సుమారు 6.4 శాతం. కనీసం 10,000 విలువ కొనాలి. వీటిని కొనడానికి రిజర్వ్ బ్యాంకు రిటైల్ డైరెక్ట్ ఖాతా ఉచితం, ఫోన్లోనే తెరవొచ్చు. మధ్యలో అమ్ముకోవడం మాత్రం సులువు కాదు.

కాబట్టి కల్యాణమండపం, వంటవాళ్ల అడ్వాన్సులకు 2 లక్షలు బ్యాంకు డిపాజిట్‌లో ఉంచండి. మొత్తం 7 లక్షలూ ఒకే బ్యాంకులో పెట్టొద్దు. బ్యాంకు మునిగితే, అసలు, వడ్డీ కలిపి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకే బీమా. మిగతా 5 లక్షలు బిల్లుల్లో పెట్టండి. గడువు పెళ్లికి నెల ముందే తీరేలా చూసుకోండి.