మీ ప్రశ్న – మా జవాబు: లిగ్నైట్ నాఫ్తలీన్‌ను పట్టుకుంది, ఫినాల్‌ను వదిలేసింది

ప్రశ్న: నీటిలోని కర్బన కాలుష్యాలను తీయడానికి లిగ్నైట్ (గోధుమరంగు నాసిరకం బొగ్గు) పొడి, పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లిన మొక్కల పదార్థం) వాడి చూస్తున్నాను. నైట్రోజన్ వాయువును పట్టించి కొలిచే పద్ధతిలో లిగ్నైట్ ఉపరితల వైశాల్యం గ్రాముకు 4 చదరపు మీటర్లే వచ్చింది. అయినా నాఫ్తలీన్ బాగా తగ్గింది. ఫినాల్ తగ్గకపోగా నీరు గోధుమరంగుకు తిరిగి, ఫినాల్ కోసం చూసే 270 నానోమీటర్ల కాంతి దగ్గర యంత్రం రీడింగ్ పెరిగింది. తప్పెక్కడ?

జవాబు: ఆ 4 అంకె చూసి నిరాశపడకండి. మైనస్ 196 డిగ్రీల చలిలో నైట్రోజన్ లిగ్నైట్ సన్నని రంధ్రాల్లోకి చొరబడలేదు. అదే నమూనాను 0 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌తో కొలిస్తే అంకె ఎన్నో రెట్లు పెరుగుతుంది. అసలు విషయం వేరే ఉంది. యాక్టివేటెడ్ కార్బన్ (నీటి శుద్ధికి వాడే, రంధ్రాలు నిండిన బొగ్గు) కాలుష్యాన్ని రంధ్రాల గోడలకు అంటించుకుంటుంది. పీట్, లిగ్నైట్ ఆ పని కొంత చేస్తాయి గానీ, వాటిలోని మెత్తని హ్యూమిక్ పదార్థంలోకి (కుళ్లిన మొక్కల నుంచి ఏర్పడిన గోధుమరంగు కర్బన పదార్థం) కాలుష్యం చాలావరకు కరిగి ఇంకిపోతుంది. దీనికి ఉపరితలంతో పెద్దగా పనిలేదు.

కాబట్టి నీరంటే గిట్టని అణువే ముందు లోపలికి పోతుంది. నాఫ్తలీన్ లీటరు నీటిలో 30 మిల్లీగ్రాములకు అటూఇటూగా కరుగుతుంది. ఫినాల్ 80 గ్రాములు కరుగుతుంది, దానికి నీటిని వదిలిపోవాల్సిన అవసరమే లేదు. పీహెచ్ 10 దాటితే ఫినాల్‌కు రుణావేశం వస్తుంది. లిగ్నైట్‌లోని కార్బాక్సిల్ సమూహాలదీ (ఆమ్ల గుణమున్న అణుభాగాలు) రుణావేశమే కనుక రెండూ నెట్టుకుంటాయి. మిథిలీన్ బ్లూ లాంటి ధనావేశపు రంగులు మాత్రం అవే సమూహాలకు గట్టిగా అతుక్కుంటాయి.

గోధుమరంగు లిగ్నైట్ నుంచి దిగిన హ్యూమిక్ ఆమ్లానిది. అదీ 270 దగ్గర కాంతిని పీల్చుకుంటుంది, మీ యంత్రం దాన్నీ ఫినాల్ కిందే లెక్కగట్టింది. పొడిని 0.25–0.5 మిల్లీమీటర్ల మధ్య జల్లించి, 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, తర్వాత స్వేదనజలంతో, కడిగిన నీరు తేటపడేదాకా కడగండి. 100 మిల్లీలీటర్లకు 1 గ్రాము వేసి, పీహెచ్ 5–6 మధ్య ఉంచి 24 గంటలు ఊపండి. 48 గంటలకు మరోసారి కొలవండి, సన్నని రంధ్రాల్లోకి చేరడం నెమ్మది. పీహెచ్ 8 దాటనిస్తే రంగు మళ్లీ దిగుతుంది. లిగ్నైట్ లేని సీసా ఒకటి, కాలుష్యం లేని సీసా ఒకటి పక్కన తప్పకుండా నడపండి. ఫినాల్‌ను ఆమ్లీకరించి స్వేదనం చేశాక, ఫినాల్‌తో కలిసి రంగునిచ్చే 4-అమినోయాంటిపైరీన్‌తో కొలిస్తే గోధుమరంగు గొడవ తీరుతుంది. నాఫ్తలీన్‌కు రబ్బరు బిరడా వద్దు, అదే పీల్చేసుకుంటుంది. టెఫ్లాన్ పొర ఉన్న మూతతో గాజు సీసాను అంచుదాకా నింపండి.

ఇంకొకటి, పొడిని 105 డిగ్రీల ఓవెన్‌లో ఎండబెట్టి ఉంటే ఆ అలవాటు మానండి. లిగ్నైట్ రంధ్రాలను తెరిచి ఉంచేది లోపలి నీరే. అది పోతే అవి ముడుచుకుంటాయి, తడిపినా పూర్తిగా తెరుచుకోవు. పీట్ మరీ మొండిది. బాగా ఎండిన పీట్ మీద నీటిచుక్క వేసి చూడండి, ఇంకకుండా ముత్యంలా నిలబడి ఉంటుంది. తడి పొడినే వాడి, వేరే భాగంలో తేమ కొలిచి, లెక్క తేమ తీసేసిన బరువు మీద కట్టండి.

ప్రశ్న: అయితే ఎండిన పీట్ ఎందుకూ పనికిరాదా?

జవాబు: నీటిమీద తేలే నూనెకు అదే కావాలి. నీటిని దూరం పెట్టి నూనెను తన బరువుకు కొన్ని రెట్లు పీల్చుకుంటుంది. పలుచగా చల్లి, నూనె పట్టగానే వలతో తీసేయండి. రోజుల తరబడి వదిలేస్తే నీరు పట్టి మునుగుతుంది, నూనెనూ అడుక్కి తీసుకుపోతుంది.

ప్రశ్న: గొట్టంలో పీట్ నింపితే నీరు దిగడం లేదు.

జవాబు: పీట్ తడిస్తే ఉబ్బుతుంది, సన్నని నలుసులు దారి మూసేస్తాయి. నలుసులు జల్లించి పారేసి, ముతక ఇసుకతో కలిపి, ముందే నానబెట్టి నింపండి. నీటిని కిందినుంచి పైకి పంపితే గాలి బుడగలు చిక్కుకోవు. వాడేసిన పీట్‌ను మొక్కలకు వేయకండి. పట్టిన ఫినాల్ శుభ్రమైన నీరు తగలగానే చాలావరకు తిరిగి దిగిపోతుంది.