గరగర శబ్దం గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అసలు బ్యాండుకి పక్కన పెట్టుకునే చిన్న బ్యాండుల్లో, అంటే సైడ్ ప్రాజెక్టుల్లో, ఆడవాళ్లు చేసిన గరుకైన రాక్ సంగీతం గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది, తీరిగ్గా చదివాను. మెచ్చుకోవడం తర్వాత, ముందు ఒక తప్పు సరిచేసుకో. ఫ్రీ కిటెన్ అనే రాక్ బ్యాండ్‌ను "పూర్తిగా ఆడవాళ్ల బ్యాండ్" అని రాశావు. కాదు. సోనిక్ యూత్ బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తూ పాడిన కిమ్ గోర్డన్, పుసీ గలోర్‌లో గిటార్ వాయించిన జూలియా కాఫ్రిట్జ్ కలిసి 1990ల మొదట్లో దాన్ని మొదలుపెట్టారు. డ్రమ్స్‌కి జపాన్ బ్యాండ్ బోర్‌డమ్స్ నుంచి యోషిమి వచ్చింది. బేస్ మాత్రం పేవ్‌మెంట్‌లో వాయించే మార్క్ ఇబోల్డ్‌ది. నువ్వు మెచ్చుకున్న ఇంకో బ్యాండ్, కిమ్ డీల్ నడిపిన ది ఆంప్స్‌లో అయితే ఆవిడ తప్ప మిగతా ముగ్గురూ మగవాళ్లే.

దీంతో నీ వ్యాసం కూలిపోతుందని కంగారుపడకు. ఎంతమంది ఆడవాళ్లున్నారని లెక్కపెట్టడం మానేస్తే అసలు ప్రశ్న కనబడుతుంది. ఆ శబ్దం అలా ఉండాలని నిర్ణయించింది ఎవరు? నీ వ్యాసమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరగాలి. ఇప్పుడైతే విశేషణాల చుట్టూ తిరుగుతోంది. అమాయకం, ముద్దుగా, స్వచ్ఛంగా, పసితనం. ఒకచోట "వాయించడం అంతగా రాకపోయినా మనసుపెట్టి వాయించారు" అని కూడా ఉంది. తమ్ముడూ, ఎవరికి రాదు? ఫ్రీ కిటెన్ మొదలయ్యేనాటికి కిమ్ గోర్డన్ పదేళ్లుగా స్టేజీ మీద ఉంది. 1990కల్లా సోనిక్ యూత్ గెఫెన్ లాంటి పెద్ద కంపెనీకి రికార్డు చేసింది. శుభ్రమైన రికార్డింగ్ ఎలా ఉంటుందో, దానికి ఎంత ఖర్చవుతుందో ఆవిడకి బాగా తెలుసు. అన్నీ తెలిసి, అమెరికాలోని ఒలింపియా ఊళ్లో కిల్ రాక్ స్టార్స్ అనే చిన్న లేబుల్‌కి (రికార్డు కంపెనీకి) గరుగ్గా ఉండే పాటలు ఇచ్చింది. అందులో అమాయకత్వం నాకైతే కనిపించలేదు. కొంటెతనం కనిపించింది. ఈ రెండింటికీ తేడా పాఠకుడికి వినిపించేలా రాయాలి నువ్వు.

సైడ్ ప్రాజెక్టు మీద మనకి ఎందుకింత మోజు అన్న దగ్గర నువ్వు "స్వేచ్ఛ" అన్న ఒక్క మాట రాసి ముందుకెళ్లిపోయావు. అక్కడ కాస్త ఆగాలి. పెద్ద బ్యాండులో ఎవరి కుర్చీ వాళ్లకి ముందే ఖాయమై ఉంటుంది. పిక్సీస్ అనే బ్యాండులో పాటలు దాదాపు అన్నీ బ్లాక్ ఫ్రాన్సిస్ రాసేవాడు, కిమ్ డీల్ బేస్ వాయిస్తూ వెనక గొంతు కలిపేది. త్రోయింగ్ మ్యూజెస్ అనే ఇంకో బ్యాండులో క్రిస్టిన్ హర్ష్ పాటల మధ్య తాన్యా డొనెలీ పాటకి ఎప్పుడో ఒకసారి చోటు దొరికేది. ఈ ఇద్దరూ కలిసి పెట్టుకున్న పక్క దుకాణమే ది బ్రీడర్స్. 1990లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ పాడ్‌ను స్టీవ్ ఆల్బినీ అనే రికార్డింగ్ ఇంజనీర్ ఎడిన్‌బరోలో రికార్డు చేశాడు. అక్కడ డీల్ బేస్ పక్కన పెట్టి గిటార్ పట్టుకుంది, ముందు నిలబడి పాడింది. అంటే వాయిద్యం మారింది, నిలబడే చోటు మారింది, పాట ఎవరిదన్న లెక్కా మారింది. మామూలుగా సైడ్ ప్రాజెక్టు అంటే సరదా వ్యవహారం అనుకుంటాం. ఈ ఇద్దరి విషయంలో అసలు పని అక్కడే జరిగింది. పెద్ద బ్యాండులో ఇరుకైన చోట ఉన్నవాళ్లు ఎక్కువసార్లు ఆడవాళ్లే కాబట్టి వాళ్ల సైడ్ ప్రాజెక్టులు అంత తరచుగా అసలు బ్యాండు కంటే కసిగా ఉంటాయని నా అనుమానం. దీన్ని సిద్ధాంతంగా రాయకు. రెండు మూడు ఉదాహరణలు పక్కపక్కన పెట్టు చాలు, పాఠకుడే అందుకుంటాడు.

తర్వాత కథ ఇంకా బాగుంటుంది. ఆ పక్క దుకాణమే పెద్దదైపోయింది. 1993లో వచ్చిన బ్రీడర్స్ రెండో ఆల్బమ్ లాస్ట్ స్ప్లాష్ అమెరికాలో ప్లాటినం కొట్టింది, అంటే పది లక్షల కాపీల లెక్క. దాన్ని మించిన ఆల్బమ్ ఎప్పుడొస్తుందని కంపెనీలు ఎదురుచూస్తాయిగా, అదొక టెన్షన్. కిమ్ డీల్ ఏం చేసింది? 1995లో టామీ ఆంపర్‌సాండ్ అనే దొంగ పేరు పెట్టుకుని ది ఆంప్స్ మొదలుపెట్టింది. పేసర్ అని ఒకే ఒక్క ఆల్బమ్. చిన్న చిన్న పాటలు, గొంతు మీద దుమ్ము, గిటార్ అంచులు చిరిగిపోయి ఉంటాయి. హిట్ తర్వాత ఇలాంటి రికార్డు తీసుకురావడానికి చాలా గుండెధైర్యం కావాలి. పైగా అది ఒక్కసారి వచ్చిపోయిన సరదా కాదు. తర్వాతి ఏళ్లలో ఆవిడ కంప్యూటర్ ముట్టకుండా మొదటి నుంచి చివరిదాకా టేపు మీదే రికార్డు చేయాలన్న పట్టుదలకి ఆల్ వేవ్ అని పేరు కూడా పెట్టింది. చేతకాక గరుగ్గా చేసేవాళ్లు ఇలా నియమాలు పెట్టుకోరు.

ఇక నీ వ్యాసంలో నాకు బాగా నచ్చిన వాక్యం. "డ్రమ్స్ పక్క గదిలోంచి వస్తున్నట్టున్నాయి" అన్నావు. నిజంగా విని రాసిన వాక్యం అది. కానీ ఎందుకు అలా వినిపిస్తాయో తెలుసుకోకుండా "అదో మాయ" అని తేల్చేశావు. మాయా లేదు మంత్రమూ లేదు. 1979లో టియాక్ కంపెనీ టాస్కామ్ పేరు మీద పోర్టాస్టూడియో 144 అని ఒక యంత్రం తెచ్చింది. మామూలు క్యాసెట్ మీదే నాలుగు ట్రాకులు, అంటే నాలుగు విడివిడి శబ్దపు వరసలు, రికార్డు చేయొచ్చు. క్యాసెట్‌లో ఒక వైపుకి రెండు, ఇంకో వైపుకి రెండు ఉండే జాగా మొత్తాన్ని ఒకే దిశలో వాడేసుకుంటుందన్నమాట. ఆ టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు, అందులో నాలుగు వాటాలు. మూడింట్లో డ్రమ్స్, బేస్, గిటార్ నింపుతారు. ఆ మూడింటినీ కలిపి నాలుగోదాన్లోకి దించుతారు. దీన్నే బౌన్స్ అంటారు. మూడు ట్రాకులు మళ్లీ ఖాళీ అయ్యాయి కదా, వాటిలో గొంతు, ఇంకో గొంతు, ఇంకో గిటార్. అయితే ఒకసారి దించాక డ్రమ్స్ ఒక్కటే పెంచుదామంటే కుదరదు, కలిసిపోయిన మూడూ ఒకే ముద్ద. దించిన ప్రతిసారీ డ్రమ్స్‌లోని తాళాల (సింబల్స్) మెరుపు కొంత మొద్దుబారుతుంది, టేపు బుసబుస కొంత పేరుకుంటుంది.

కాబట్టి అలా తయారైన పాటలో ఏది ముందు రికార్డయిందో, ఏది చివర చేరిందో చెవికి తెలిసిపోతుంది. మొదట వాయించింది మసగ్గా వెనక ఉంటుంది, చివర పాడింది మన మొహం మీదే ఉంటుంది. పాట తయారైన క్రమం పాటలోనే మిగిలిపోతుంది. చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టు కుట్లన్నీ బయటికే కనిపిస్తుంటాయి. ఈ సంగీతం అంటే నాకింత ఇష్టం కావడానికి మొదటి కారణం ఇదే, మనసు, స్వచ్ఛత లాంటివి దీని తర్వాతే. ఇంకోటి, టేపు మోయగలిగిన దానికంటే ఎక్కువ శబ్దం ఎక్కిస్తే ఆ శబ్దపు అలల పైకొసలు నలిగి చదునైపోతాయి. గట్టిదానికీ మెల్లనిదానికీ తేడా తగ్గిపోయి చిన్న గదిలో వాయించిన చిన్న గిటార్ కూడా గోడంత లావుగా వినిపిస్తుంది. ఇళ్ల గరాజుల్లో కుర్రకారు వాయించుకున్న మొరటు రాక్ ఉంది చూడు, ఆ గరాజ్ రాక్‌కి ఇది కొత్తేం కాదు. 1962లో మేస్ట్రో కంపెనీ గిటార్ శబ్దాన్ని గరుగ్గా మార్చే ఫజ్ పెడల్ అమ్మకానికి పెట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్లల బ్యాండులన్నీ శబ్దాన్ని కావాలని చెడగొట్టుకుంటూనే వచ్చాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇల్లు, టేపు, గరుకు అనగానే అన్నిటినీ ఒకే గాటన కట్టేయకు. నీ వ్యాసంలో ది షాగ్స్ పేరు కూడా చేర్చేశావు. న్యూ హాంప్‌షైర్‌లోని ఫ్రీమాంట్‌లో విగ్గిన్ అక్కచెల్లెళ్ల చేత బ్యాండు పెట్టించింది వాళ్ల నాన్న. 1969లో స్టూడియోకి తీసుకెళ్లి రికార్డు చేయించిందీ ఆయనే. 1975లో ఆయన పోయాక ఆ పిల్లలు బ్యాండు ఆపేశారు. లయ ఎటో, గిటార్ ఎటో పోయే ఆ రికార్డుని ఇష్టపడేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ వింటాను. కానీ దాన్ని ఫ్రీ కిటెన్ పక్కన పెట్టి "ఇద్దరిదీ ఒకే స్వేచ్ఛ" అంటే ఎలా? ఒకచోట నిర్ణయం నాన్నది, ఇంకోచోట వాయించేవాళ్లది. అలాగే ఇంగ్లండ్‌లోని థీ హెడ్‌కోటీస్. ఆ నలుగురు అమ్మాయిలు పాడుతుంటే ఎంత హుషారుగా ఉంటుందో నాకు తెలుసు. అయినా వాళ్ల పాటల్లో ఎక్కువ భాగం బిల్లీ చైల్డిష్ రాసినవి, వెనక వాయించింది ఆయన బ్యాండు. ఈ సంగతి రాస్తే వాళ్ల గౌరవమేమీ తగ్గదు. పైగా వాళ్లలో ఒకరైన హోలీ గోలైట్లీ తర్వాత సొంతంగా ఏం చేసిందో పాఠకుడికి ఆసక్తి పుడుతుంది.

ఆడవాళ్లు గరాజ్ రాక్‌లోకి ఆలస్యంగా వచ్చారన్నట్టు ఒక పేరా ఉంది, కొట్టేయ్. డెట్రాయిట్‌లో ది ప్లెజర్ సీకర్స్ 1960ల మధ్యలోనే రికార్డు చేశారు. అందులో బేస్ వాయించిన టీనేజ్ పిల్ల సూజీ క్వాట్రో. వాళ్లు ఎప్పుడూ ఉన్నారు, రాసేవాళ్లే వాళ్లని వేరే లెక్కలో వేశారు. బ్రూక్లిన్‌లోని వివియన్ గర్ల్స్‌నే చూడు. 2008లో మొదటి ఆల్బమ్ 500 ప్రతులు వేస్తే అమ్ముడైపోయి, ఇన్ ది రెడ్ లేబుల్ మళ్లీ వేసింది. మెచ్చుకున్నవాళ్లు ఎంతమందో, వీళ్లకి వాయించడం రాదని ఎగతాళి చేసినవాళ్లూ అంతమంది. మగవాళ్లు శబ్దాన్ని మసక చేస్తే శైలి అంటారు, ఆడవాళ్లు చేస్తే చేతకాదంటారు. నీ "అంతగా రాకపోయినా" వాక్యం ఈ గుంపులోదే, నువ్వు ప్రేమతోనే రాసినా సరే. ఆ ఎగతాళి తర్వాత వాళ్లేమీ చప్పబడలేదు. అదే బ్యాండు నుంచి కేటీ గుడ్‌మన్ లా సెరా పెట్టింది, కాసీ రమోన్ కెవిన్ మోర్బీతో కలిసి ది బేబీస్ నడిపింది. సైడ్ ప్రాజెక్టులకే సైడ్ ప్రాజెక్టులు! వాటిని వరసగా వింటే ఎవరి చెయ్యి ఏది అన్నది నీకే పట్టుబడుతుంది.

కిమ్ గోర్డన్ అప్పటి భర్త ఎవరో నీ వ్యాసంలో మాటిమాటికీ వస్తోంది. ఎందుకు? ఆ జాగాలో యోషిమి డ్రమ్స్ గురించి ఒక్క పేరా రాయొచ్చు. "ఇది వింటే ఫలానా బ్యాండు గుర్తొస్తుంది" అని పేర్లు గుమ్మరించడం కూడా తగ్గించు. ఆ పేర్లు తెలియని పాఠకుడికి అది మూసిన తలుపు, తెలిసినవాడికి అనవసరం. విశేషణం రాయాలనిపించిన ప్రతిచోటా ఆగి, అక్కడ ఏం జరుగుతోందో క్రియతో చెప్పు. గిటార్ ఆలస్యంగా దూరిందా? రెండో గొంతు మొదటి గొంతుని వెక్కిరిస్తోందా? పాట ముగియకముందే ఎవరైనా వాయించడం ఆపేశారా? హెడ్‌ఫోన్స్‌లో విను, చిన్న స్పీకర్‌లోనూ విను. రెండు చోట్లా వినిపించే సంగతులు వేరు.

ఇంకోటి చెప్పాలి, నీకు రుచించకపోవచ్చు. సైడ్ ప్రాజెక్టుల్లో నాసిరకంవి చాలా ఉన్నాయి. స్నేహితులు సరదాగా వాయించుకున్నది వాళ్లకి ఎంత సరదాగా ఉన్నా, వినేవాళ్లకి అరగంట భారమే కావచ్చు. ఫ్రీ కిటెన్ రికార్డుల్లోనే నేను దాటేసే పాటలున్నాయి. ఆడవాళ్లు చేశారు కాబట్టి, చిన్న లేబుల్ కాబట్టి అన్నీ గొప్పవే అని రాస్తే అదీ ఒకరకం చిన్నచూపే. వాళ్లని కళాకారులుగా లెక్కించేవాడు ఈ పాట తేలిపోయిందని కూడా చెప్పగలగాలి, ఎందుకు తేలిపోయిందో కూడా. గరుకు దానంతటదే గుణం కాదు. ఉదాహరణకి కాథ్లీన్ హానా 1998లో జూలీ రూయిన్ పేరుతో చేసిన ఆల్బమ్ తీసుకో. బికినీ కిల్ అనే పంక్ బ్యాండులో అంత గట్టిగా అరిచిన గొంతు, ఒలింపియాలో ఇంటి దగ్గర ఒంటరిగా డ్రమ్ మెషీన్ ముందు కూర్చునేసరికి వేరే మనిషి గొంతులా అయిపోతుంది. అక్కడ సాదా రికార్డింగ్‌కి ఒక పని ఉంది, అదే లేకపోతే ఆ పాటలు నిలబడవు. నువ్వు మెచ్చుకున్న ప్రతి పాటకీ ఇదే అడుగు: ఇది పెద్ద స్టూడియోలో శుభ్రంగా చేసి ఉంటే ఏం పోయేది? ఏమీ పోదనిపిస్తే ఆ పాటని వ్యాసంలోంచి తీసెయ్.

మళ్లీ రాసేటప్పుడు డ్రమ్స్ వాక్యంతో మొదలుపెట్టు. నాలుగు ట్రాకుల సంగతి దాని వెనకే రానీ, కానీ నేను రాసినంత పొడుగ్గా వద్దు, ఐదారు వాక్యాలు చాలు. షాగ్స్‌ని వదిలెయ్, వాళ్లకి వేరే వ్యాసం కావాలి. ఎవరు ఏ వాయిద్యం వాయించారో రికార్డు అట్ట చూసి ఒక్కో పేరూ సరిచూసుకో, ముఖ్యంగా డ్రమ్మర్లవి. నీ వ్యాసంలో ఇద్దరు డ్రమ్మర్లకి పేర్లే లేవు. అయ్యాక పంపు.

మీ అక్క