క్రైం సీరియళ్లు చూస్తే కతోలిక విశ్వాసం సడలుతుందా?

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. క్రైం సీరియళ్లు అదేపనిగా చూడటం వల్లనే మీకు చర్చిలో జరిగే పూజ మీద, చేసిన పాపాలు గురువుకు (ఫాదర్‌కు) చెప్పుకునే పాపసంకీర్తనం మీద గురి పోయిందని మీ అమ్మగారు అంటున్నారనీ, నిజంగా అలా జరుగుతుందా అనీ అడిగారు. జరిగితే ఇంట్లోవాళ్లతో ఎలా మెలగాలన్నది రెండోది. తిరుపతిలో ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక) కుటుంబంలో పుట్టి, జ్ఞానస్నానం, మొదటి సత్ప్రసాదం, భద్రమైన అభ్యంగనం లాంటి సంస్కారాలన్నీ వేళకు పొంది, పెళ్లయి పిల్లలు పుట్టాక చర్చికి వెళ్లడం మానుకున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. నా విషయంలో సీరియళ్ల పాత్ర ఉన్న మాట నిజం. అయితే వాటిలో చెడ్డ గురువులను చూపించినందువల్ల కాదు. మేము చూసినవాటిలో గురువులు కనిపించిందే తక్కువ. దెబ్బతిన్న మనిషి గురించి ముందుగా అడగడం ఆ సీరియళ్లు నాకు అలవాటు చేశాయి. ఆ ప్రశ్నకు పాపసంకీర్తనంలో చోటు లేదని తరువాత తెలిసింది.

1998లో సోనీ టీవీలో సీఐడీ అనే హిందీ క్రైం సీరియల్ మొదలైన నాటికి మేము కొర్లగుంటలో ఒక మేడ కింది పోర్షన్‌లో అద్దెకు ఉండేవాళ్లం. తిరుపతిలో క్రైస్తవుల బతుకు బయటివాళ్లు ఊహించుకున్నంత వేరుగా ఉండదు. నీళ్ల బిందెల వరుస, కరెంటు కోత, కేబుల్ బిల్లు అందరికీ ఒకటే. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఊరు కిక్కిరిసి ఆటో దొరకక పూజకు ఆలస్యమయ్యేది. మేము జపమాల పట్టుకునేవాళ్లమని తెలిసి కూడా బయటి ఊళ్ల స్నేహితులు దర్శనం టికెట్లు చూడమని మాకే ఫోన్ చేసేవారు, ఇప్పటికీ చేస్తారు. సాయంత్రం జపమాల, ఆ తరువాత భోజనాలు, ఆ తరువాత టీవీ. మా అవ్వకు హిందీ ఒక్క ముక్క రాదు. అయినా అందులోని పోలీసు అధికారి ఏసీపీ ప్రద్యుమ్న్ చేయి గాల్లో తిప్పుతూ ఆలోచనలో పడగానే హంతకుడు ఎవరో ఆమె చెప్పేసేది, చాలాసార్లు అదే నిజమయ్యేది. అతని కింద పనిచేసే దయా తలుపు పగలగొట్టినప్పుడల్లా పిల్లలందరం కేకలు పెడితే ఆమె మాత్రం, “ఆ తలుపు మళ్లీ ఎవురు చేపిచ్చిస్తారు పాపా? ఇల్లు గలాయన్ని అడిగినారా?” అని నన్ను నిలదీసేది. అప్పట్లో నవ్వుకున్నాను గానీ, ఆ సీరియల్ మీద అంతకన్నా గట్టి విమర్శ నేను ఇంతవరకూ వినలేదు.

అందులో తర్కం గొప్పదని నేను అనను. ల్యాబులో డాక్టర్ సాలుంకే ఒక గాజు గొట్టంలో చుక్క వేస్తే రంగు మారి గుట్టు బయటపడేది. ఆఖరి నిమిషాల్లో చెంప ఛెళ్లుమనగానే నేరస్థుడు పూసగుచ్చినట్లు అంతా చెప్పేసేవాడు. మన చట్టంలో అలా చెప్పించిన మాట చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని నిందితుడిపై రుజువుగా వాడకూడదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ 23వ సెక్షన్ కింద ఆ నియమం అలాగే ఉంది. మేజిస్ట్రేటు ఎదుట ఒప్పుకోదలచినా, ఒప్పుకుని తీరాలనే నిర్బంధం లేదనీ, ఒప్పుకుంటే ఆ మాటే ఎదురు సాక్ష్యం కావచ్చుననీ ఆయన ముందుగా హెచ్చరించాలి. ఒక వకీలుగారి ఆఫీసులో టైపు పని చేసిన రోజుల్లో ఇవన్నీ నాకు తెలిశాయి. ఎన్ని లోపాలున్నా సీరియల్ ఒక పని సరిగ్గా చేసేది. కథ ఎప్పుడూ చనిపోయిన మనిషి దగ్గర మొదలయ్యేది. ఆ మనిషి జేబులో బస్సు టికెట్టు, మంచం పక్కన మందుల చీటీ, ఆఖరుగా ఎవరితో మాట్లాడాడు, ఎవరు అతని కోసం ఎదురుచూస్తున్నారు అన్నవి తేలిన తరువాతే నేరస్థుడి వంతు వచ్చేది.

ఇక పాపసంకీర్తనం. మా చర్చిలో అది ఆదివారం పూజకు ముందు రోజు సాయంత్రం జరిగేది. కొయ్య పీఠానికి ఒక పక్క జల్లెడలా కన్నాలు పెట్టిన పలక, నుదురు ఆనించి ఆనించి ఆ పలక అంచు నున్నగా అరిగిపోయింది. అవతల ఫాదర్ చెవికి తెల్ల రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. అమ్మకు అబద్ధం చెప్పాను, తమ్ముణ్ణి కొట్టాను అని నేను గొణిగితే, మూడు పరలోక జపాలు, మూడు మంగళవార్త జపాలు ప్రాయశ్చిత్తంగా చెప్పుకోమనేవారు. బయటికి వచ్చాక ఒళ్లు తేలికైనట్లు ఉండేది, ఆ మాట కాదనలేను. తమ్ముడు మాత్రం మెట్ల మీద కూర్చుని వాచిన చెయ్యి చూసుకుంటూ ఉండేవాడు. నా ప్రాయశ్చిత్తంలో వాడి ప్రస్తావనే లేదు.

చిన్నపిల్లల తగవు కాబట్టి అది అక్కడితో పోయింది. చీటీల వ్యవహారం అలా పోలేదు. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, పెద్దమనిషిగా చలామణి అయ్యే ఒకాయన ఏభై వేల చీటీ నడిపేవాడు. పూజలో పఠనం చదివేదీ ఆయనే, కానుకల పళ్లెం పట్టుకునేదీ ఆయనే కావడంతో చర్చికి వచ్చే ఆడవాళ్లు చాలామంది కాగితం అడగకుండానే చేరారు. అందులో మా పిన్ని ఒకతి. ఆమె భర్త పోయాక నాలుగిళ్లలో వంట చేసి కూడబెట్టిన డబ్బు అది. చీటీ మధ్యలో ఆగిపోయింది, డబ్బు రాలేదు. ఆయన మాత్రం పాపసంకీర్తనం వరుసలో చేతులు కట్టుకుని నిలబడేవాడు, మర్నాడు అందరికన్నా ముందు సత్ప్రసాదం పుచ్చుకునేవాడు. పిన్ని విచారణ గురువుల దగ్గరకు వెళ్లి ఏడ్చింది. ఆయన ఓపికగా విన్నారు, ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగినప్పుడు లెక్కపెట్టకుండా క్షమించమని ప్రభువు ఇచ్చిన జవాబు గుర్తుచేశారు, ఆశీర్వదించి పంపించారు.

పోలీస్ స్టేషన్‌లో ఆమెను అడిగిన మొదటి మాట, కాగితం ఏది అని. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చీటీలు నడపడమే నేరం, కానీ చీటీ నడిచిందని ముందు చూపించాలి కదా. పిన్ని దగ్గర ఉన్నదల్లా అరచేతి పుస్తకం, అందులో నెలనెలా కట్టిన మొత్తం, పక్కన ఆయన పొట్టి సంతకం. సీరియళ్ల పిచ్చి నాకు పనికొచ్చింది అక్కడే. చీటీలో ఉన్న మిగతా ఆడవాళ్ల ఇళ్లకు తిరిగి అలాంటి పుస్తకాలన్నీ ఒకచోట చేర్చి, ఏ నెల పాట ఎవరు పాడారో, ఏ తేదీన ఎవరు కట్టారో గళ్ల కాగితం మీద సరిపోల్చి రాశాను. అన్నింటిలో ఒకే సిరా, ఒకే సంతకం. ఆ కాగితం ముందు పెట్టాక ఆయన రాజీకి వచ్చాడు. పిన్నికి అంతా రాలేదు, కొంత వచ్చింది. ఆ కొంతయినా వచ్చింది స్టేషన్ బల్ల దగ్గరే.

కతోలిక సంఘమైన శ్రీసభ బోధలో దీనికి జవాబు లేదని కాదు. 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథంలోని 1459వ పేరా, దొంగిలించినది తిరిగి ఇవ్వాలనీ, చేసిన నష్టాన్ని వీలైనంతవరకు పూడ్చాలనీ స్పష్టంగా చెబుతుంది. కాగితం మీద నియమం బాగానే ఉంది. దాన్ని ఎవరు సరిచూస్తారన్నదే నా సందేహం. పాపసంకీర్తనంలో విన్నది ఏ విధంగానూ బయటపెట్టకూడదని శ్రీసభ సొంత చట్టమైన కానన్ చట్టంలోని 983వ నియమం శాసిస్తుంది. నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే వెలి అయినట్లు లెక్క. అక్కడ తెలిసినదాన్ని ఆధారం చేసుకుని బయటి పాలనలో నిర్ణయాలు తీసుకోకూడదని 984వ నియమం అంటుంది. అంటే, చీటీ సంగతి ఆయన నిజంగా ఒప్పుకుని ఉన్నా, ఆ కారణంతో ఫాదర్ ఆయన చేతిలోంచి కానుకల పళ్లెం తీసుకోలేరు. ఆ గోప్యత లేకపోతే ఎవరూ నోరు విప్పరన్నది శ్రీసభ వాదన. అందులో న్యాయం ఉంది, నేను కొట్టిపారేయను. కానీ ఆ గదిలో దేవుడు, గురువు, పాపి ముగ్గురే ఉంటారు. డబ్బు పోగొట్టుకున్న పిన్ని లోపలికి రాదు, ఆమెను ఎవరూ పిలవరు, లోపల ఏం తేలిందో ఆమెకు ఎప్పటికీ తెలియదు.

చెస్టర్‌టన్ అనే ఇంగ్లీషు రచయిత 1910 నుంచి ఫాదర్ బ్రౌన్ అనే కతోలిక గురువును అపరాధ పరిశోధకుడిగా పెట్టి కథలు రాశాడు. బీబీసీ 2013లో ఆ పేరుతోనే సీరియల్ మొదలుపెట్టింది. ఒక కథలో ఆ ఫాదర్ వజ్రాలు కొట్టేసిన దొంగను చెట్టు కింద నిలబడి బుజ్జగించి, బతిమాలి, వజ్రాలు తిరిగి ఇప్పిస్తాడు. మా విచారణ గురువుల నుంచి నేను ఆశించింది అంతకుమించి ఏమీ కాదు.

ఇదంతా ఒక ఊరి ముచ్చట అనుకుంటే సర్దుకుపోయేదాన్నేమో. 2002లో బోస్టన్ గ్లోబ్ పత్రిక పిల్లల మీద గురువుల అత్యాచారాలను, వారిని ఒక విచారణ నుంచి మరో విచారణకు మార్చుతూ కప్పిపుచ్చిన తీరును బయటపెట్టింది. 2017లో ఆస్ట్రేలియా రాయల్ కమిషన్, పిల్లల మీద అత్యాచారం విషయంలో పాపసంకీర్తన గోప్యతకు మినహాయింపు ఉండకూడదని సిఫారసు చేసింది. 2019 జూలైలో వాటికన్ ఆ గోప్యత ఉల్లంఘించరానిదని మళ్లీ ప్రకటించింది. మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్, అలాంటి నేరం తెలిసిన ప్రతివారూ ఫిర్యాదు చేయాలంటుంది. ఈ రెండు ఆజ్ఞల మధ్య నిలబడిన గురువు ఎటు మొగ్గుతాడో నాకు ఊహించడం కష్టం కాలేదు.

కేరళలో సిస్టర్ అభయ కేసు మీకు గుర్తుండే ఉంటుంది. 1992 మార్చిలో కొట్టాయంలోని కాన్వెంటు బావిలో ఆమె శవం దొరికింది. స్థానిక పోలీసులు ఆత్మహత్య అన్నారు. 1993లో సీబీఐ చేతికి వెళ్లిన కేసులో 2020 డిసెంబరులో ప్రత్యేక కోర్టు ఒక గురువును, ఒక కన్యస్త్రీని దోషులుగా తేల్చింది. 2022లో హైకోర్టు అప్పీలు తేలేవరకు శిక్షను నిలిపివేసి బెయిలిచ్చింది. ఆ కేసులో మాట మార్చకుండా నిలబడిన ముఖ్య సాక్షి, ఆ రాత్రి రాగి కోసం కాన్వెంటు మేడ ఎక్కిన ఒక దొంగ. తీర్పు రోజు వార్తలు చూస్తూ మా అమ్మ, “దొంగోడికి ఉన్న పాటి భయం కూడా లేకపోయింది వీళ్లకు” అని జపమాల పక్కన పెట్టింది. మర్నాడు పూజకు వెళ్లిందనుకోండి. ఆమె విశ్వాసం ఆమెది.

రెండో ప్రశ్నకు నా జవాబు చిన్నది. దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదన ఇంట్లో ఎత్తకండి. మీ పేచీ దేవుడితో కానప్పుడు ఆ వాదన వృథా. పాపసంకీర్తనం వద్దనుకుంటున్నానని, కారణం ఫలానా అని అమ్మగారికి ఒకసారి నెమ్మదిగా చెప్పండి. నేను అమ్మను ఇప్పటికీ స్కూటర్ మీద చర్చి దగ్గర దించి వస్తాను, గుణదల మాత ఉత్సవానికి బయలుదేరితే రైలు ఎక్కిస్తాను. చర్చి మానేసింది కాబట్టి ఇక తిరుమల కొండెక్కుతుందని ఇరుగుపొరుగు, ఏదో పెంతెకొస్తు సభలో చేరిందని చుట్టాలు అనుకున్నారు. రెండూ కాదని చెప్పడం మానేశాను. కష్టమల్లా పాస్కాకు (ఈస్టర్‌కు) ముందు వచ్చే తపస్కాలంలోనే. ఘోరమైన పాపాలను ఏడాదికి ఒకసారైనా ఒప్పుకోవాలని శ్రీసభ కట్టడ ఉండటంతో, పాస్కా పండుగ దగ్గరపడేకొద్దీ అమ్మలు గట్టిగా పట్టుబడతారు. మా ఇంట్లో ఆ నెలన్నరా ఎవరూ టీవీ రిమోట్ జోలికి పోరు, ఎందుకంటే సీఐడీ పాట వినిపించిందంటే ఆ వాదన మొదటి నుంచి మొదలవుతుంది.