రాజీనామా రాయకు

చిరంజీవి శ్రీనుకి మావయ్య ఆశీస్సులు.

కంపెనీలో తీసేసేవాళ్ల జాబితాలో నీ పేరూ ఉందని మీ అమ్మ ఫోన్ చేసింది. ధైర్యం చెప్పే పని మీ అత్తయ్యది. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా, చందాలు ఏళ్ల తరబడి కట్టిన గుమాస్తాగా నాకు తెలిసింది రాస్తున్నాను.

నీ జీతంలో నెలనెలా 0.75 శాతం కోస్తున్నది ఆసుపత్రి కోసమే కాదురా. పని పోయినవాళ్లకి కొన్నాళ్లు డబ్బిచ్చే పథకం, అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని 2018 జూలైలో పెట్టారు. శాశ్వత పథకం కాదు, గడువు పొడిగిస్తూ వస్తున్నారు. కాబట్టి ముందు ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో ఇప్పుడు నడుస్తోందో లేదో కనుక్కో.

"రాజీనామా రాసిచ్చెయ్, కాగితాలన్నీ శుభ్రంగా వస్తాయి" అని హెచ్ఆర్ వాళ్లు తియ్యగా అంటారు. రాయకు. తనంతట తాను మానేసినవాడికి ఈ డబ్బు రాదు. క్రమశిక్షణ చర్య కింద తీసేసినా, వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నా, రిటైరైనా రాదు. నేను రిటైరయ్యే ముందు ఒకేలాంటి రాజీనామాలు పదకొండు నా చేతే టైపు చేయించారు. నోరెత్తలేదు. అది ఇప్పటికీ గుచ్చుతుంది.

ఇంకో సంగతి, బయటివాళ్లకి తెలియదు. నువ్వు పనిచేసిన రోజులు సున్నా అని కంపెనీ ఈఎస్ఐ పోర్టల్లో ఎక్కించేటప్పుడు, ఆ పోర్టల్ కారణం అడుగుతుంది. 'ఉద్యోగం వదిలేశాడు' వేరు, 'రిట్రెంచ్‌మెంట్', అంటే కంపెనీయే తీసేసింది, వేరు. గుమాస్తా తొందరలో మొదటిది నొక్కేస్తాడు. నేనూ నొక్కాను. అకౌంట్స్‌ కుర్రాడితో ఒక టీ తాగి, ఏది పెడుతున్నాడో అడుగు.

అర్హత లెక్క ఇది. పని పోయే నాటికి రెండేళ్లు బీమాలో ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక ఆర్నెల్లు, అక్టోబరు నుంచి మార్చి ఒక ఆర్నెల్లు. పని పోవడానికి ముందు ఆర్నెల్లలో కనీసం 78 రోజులు, అంతకుముందు మూడింటిలో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు చందా పడి ఉండాలి. పాత కంపెనీలో నీకున్న బీమా నంబరే ఇక్కడా నడుస్తోందా? కొత్తది తీసి ఉంటే రెండేళ్ల లెక్క తెగుతుంది. రెండూ కలపమని బ్రాంచిలో అడగాలి.

నాలుగు ఆర్నెల్ల జీతం కూడి రెండేళ్ల రోజులు 730తో భాగిస్తారు, అందులో సగం రోజుకి ఇస్తారు, 90 రోజుల వరకు. నెలకి 18,000 చొప్పున రెండేళ్లూ వచ్చి ఉంటే మొత్తం 26,600 దాకా. జీవితంలో ఒక్కసారే ఇస్తారు. నెలలో ఇంకోచోట కుదిరేలా ఉంటే దీని జోలికి పోకు.

పని పోయిన 30 రోజుల తర్వాత నువ్వే దరఖాస్తు పెట్టుకోవచ్చు, కంపెనీ చుట్టూ తిరగక్కర్లేదు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు దగ్గర పెట్టుకో.

ఆదివారం రెండేళ్ల పే స్లిప్పులూ పట్టుకురా, రోజులు నేను లెక్కపెడతాను. కొత్త కళ్లజోడు చేయించాను.

ఇట్లు,
మీ మావయ్య